నక్షత్ర చేప శుక్రకణాలూ, మా బోరు నీళ్ళూ

ధర్మవరంలో మా పెద్దమ్మ ఒకసారి మగ్గం మీద నుంచి లేవకుండానే నన్ను అడిగింది. "పిల్లోళ్ళకు పాఠాలు చెప్పవు, రోగులకు సూది వెయ్యవు. యూనివర్సిటీలో ఏం చేస్తాండావే నువ్వు?"

"కంటికి కనపడనివాటిని ఫొటో తీస్తాను పెద్దమ్మా."

"కనపడనిదాన్ని తీసి ఎవురికి చూపిస్తావు?"

అప్పుడు నవ్వేశాను. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ దగ్గర ఇరవై ఎనిమిదేళ్ళు పనిచేసి విరమించాక ఇప్పుడు ఆలోచిస్తే, ఉద్యోగం గురించి అంతకన్నా మంచి ప్రశ్న నన్నెవరూ అడగలేదు. ఈమధ్య మా విభాగంలో కొత్తగా చేరిన ఇద్దరు టెక్నీషియన్లు ఇంటికి వచ్చి, "పుస్తకంలో లేనివి ఏవైనా చెప్పండి మేడం," అన్నారు. కాఫీ తాగినంతసేపట్లో చెప్పేవి కావు కాబట్టి రాస్తున్నాను. ఎప్పుడు ఏ హోదా వచ్చింది, ఏ ఫైలు ఎక్కడ ఆగింది, వీటితో మీకు పని లేదు. ఒక్క నమూనా గురించి చెబుతాను. దాని దగ్గర చేసినంత పెద్ద పొరపాటు నేను ఇంకెక్కడా చేయలేదు.

పని అంటే ఇది

ఈ ఉద్యోగంలో చేరేవాళ్ళు రోజంతా మైక్రోస్కోప్ ముందు కూర్చుంటామనుకుంటారు. అది పనిలో ఆఖరి ముక్క. మిగతాదంతా చేతులతో చేసేది. కణాలను మందుల్లో నానబెట్టాలి, గట్టి జిగురులో పోతపోయాలి, గాజు పలకను విరిచి కత్తి చేసుకోవాలి. ఆ కత్తితో తల వెంట్రుక మందంలో వెయ్యో వంతు పల్చగా పొరలు కోయాలి. అవి కత్తి వెనకున్న నీటి మీద బంగారు రంగులో తేలుతాయి. వాటిని చిన్న రాగి జల్లెడ మీదకు ఎత్తుకోవాలి. ఆ జల్లెడనే గ్రిడ్ అంటాం. చొక్కా గుండీ కింద పెడితే కనపడకుండా పోతుంది, అంత చిన్నది. ఊపిరి గట్టిగా వదిలినా పొర ఎగిరిపోతుంది. ఫ్యాన్ వేయకూడదు. అనంతపురం మే నెలలో ఫ్యాన్ లేకుండా ఊపిరి బిగబట్టి కూర్చోవడమే ఉద్యోగం అనుకోండి.

నాకు కత్తుల మీద గర్వం ఉండేది. నా గాజు కత్తికి చిన్న గీత ఉన్నా కనిపెట్టేదాన్ని. జిగురు పాళ్ళు చేత్తో తాకి చెప్పేదాన్ని. నీళ్ళ గురించి మాత్రం ఎప్పుడూ ఆలోచించలేదు. డిస్టిల్డ్ వాటర్ అని రాసిన తెల్ల డబ్బా మూలన ఉండేది. అది ఖాళీ అయితే మా అటెండర్ ఓబులేసు నింపి పెట్టేవాడు. అంతే.

కుందుర్పి అమ్మాయి సముద్రానికి పోయింది

తొంభైల చివర్లో మా ప్రొఫెసర్ గారు నక్షత్ర చేప శుక్రకణాల మీద పరిశోధన మొదలుపెట్టారు. ఆయనది కోస్తా. సముద్రం పక్కన పెరిగిన మనిషి కాబట్టి ఆ ప్రాణుల మీద మోజు. ఆ పని అంజినమ్మ అనే విద్యార్థినికి అప్పజెప్పారు. ఆమెది కుందుర్పి దగ్గర పల్లె, గొర్రెలు కాసుకునే ఇల్లు. ఆ ఇంట్లో పదో తరగతి దాటింది ఆమె ఒక్కతే. సముద్రాన్ని అంతవరకు ఫొటోలోనే చూసింది.

నక్షత్ర చేపలు గుడ్లు పెట్టే కాలం ఏడాదికి ఒక్కసారే వస్తుంది. ఆ కాలంలో అంజినమ్మ తూర్పు తీరానికి పోయి, జాలరుల దగ్గర మగవాటిని ఏరుకుని, నక్షత్రం కొసల్లాంటి వాటి చేతుల్లో నుంచి పాలలాంటి వీర్యం తీసి, మంచు నింపిన ఫ్లాస్కులో పెట్టుకుని రైలెక్కి వచ్చింది. స్టేషన్‌లో దిగగానే నేరుగా మా గదికే వచ్చింది. కాళ్ళకు ఇసుక అలాగే ఉంది.

"సముద్రం ఎలా ఉంది?" అని అడిగాను.

"అన్ని నీళ్ళుండాయి మేడం, ఒక గుక్క తాగేదానికి పనికిరావు," అంది. "మా నాయనకు చెప్తే నమ్మడు."

ఫ్లాస్కు మూత తీసి చూసుకుని, మంచు కరగలేదని తెలిశాకే చెప్పులు విడిచింది.

ఎందుకు ఇంత తిప్పలు అంటే, శుక్రకణం తల చాలా చిన్నది. అందులో ఆ ప్రాణి డీఎన్ఏ మొత్తం సర్ది ఉండాలి. డీఎన్ఏ ప్రోటీన్లకు చుట్టుకుని ఉన్న ఆ సరుకునే క్రోమాటిన్ అంటారు. మామూలు కణాల్లో దాన్ని విప్పి చూస్తే దారానికి పూసలు గుచ్చినట్టు ఉంటుందని అప్పటికే అందరికీ తెలుసు. శుక్రకణంలో మాత్రం అది ఎంత బిగువుగా ఉంటుందంటే, పల్చగా కోసి చూస్తే నల్లటి ముద్ద తప్ప ఏమీ కనిపించదు. పూసలు ఆ ముద్దలో ఎలా సర్దుకున్నాయన్నది మా ప్రశ్న.

దానికి ఒక పద్ధతి ఉంది. కేంద్రకాన్ని ఉప్పు దాదాపు లేని నీళ్ళలో వేస్తే అది ఉబ్బి, పగిలి, లోపలున్నది బయటికి పరుచుకుంటుంది. దాన్ని గ్రిడ్ మీదకు దించి, రంగు పట్టించి చూడాలి. పద్ధతి అంతా ఆ నీళ్ళ మీదే ఆధారపడి ఉంది. ఈ వాక్యం ఇప్పుడు ఇంత తేలిగ్గా రాస్తున్నాను గానీ, అప్పుడు నా బుర్రకు తట్టలేదు.

అందమైన ఫొటోలు

రెండువేలు దాటిన కొత్తలో, వరసగా వానలు పోయిన రోజుల్లో, మాకు మంచి ఫొటోలు పడ్డాయి. మైక్రోస్కోప్‌లో పచ్చగా వెలిగే తెర మీద పల్చటి దారాలు రాలేదు. వాటి బదులు లావుపాటి గుండ్లు, ఒకదాని పక్కన ఒకటి, ద్రాక్షగుత్తిలాగా కనిపించాయి. మామూలు పూసల కన్నా నాలుగైదింతలు పెద్దవి. గ్రిడ్ మార్చి చూశాను, అవే. ఇంకోటి చూశాను, అవే.

ప్రొఫెసర్ గారు ప్రింట్లు చూసి లేచి నిలబడిపోయారు. "ఇదేనమ్మా, నేననుకున్నది ఇదే. పూసలన్నీ కలిసి పెద్ద గుండ్లుగా కట్టుకున్నాయి. శుక్రకణం సర్దుకునే తీరు ఇదే." వారంలోగా ఒక పెద్ద సదస్సుకు సారాంశం రాసి పంపారు. అంజినమ్మ థీసిస్‌కు అదే వెన్నెముక అవుతుందన్నారు.

ఆయన గురించి ఒక మాట. కష్టజీవి, విద్యార్థుల పని తన పేరున వేసుకునే రకం కాదు. కానీ తనకు కావలసిన జవాబు కనిపిస్తే అక్కడే ఆగిపోయేవారు. నేనూ ఆగిపోయాను. ఆయన మెప్పు కన్నా నా ఫొటోల నాణ్యతే నన్ను ఆపింది. అంత స్ఫుటంగా ఉన్నవి అబద్ధం ఎలా అవుతాయి అనుకున్నాను.

ఆగనిది అంజినమ్మ ఒక్కతే. ఒక మధ్యాహ్నం ప్రింటు మీద భూతద్దం పెట్టుకుని ఉండిపోయింది.

"మేడం, ఈ అంచులో సూదుల్లాగా ఉండాయే, ఇవేంటివి?"

"సముద్రపు ఉప్పు. ఎంత కడిగినా కొంచెం మిగులుతుంది."

"ఉప్పు పలుకు పెట్టె మాదిరి నలుచదరంగా ఉంటాది గదా మేడం. సముద్రం కాడ నా చెప్పుల మీద ఎండిపోయిన ఉప్పును చూసినా, అద్దం పెట్టి. ఇట్ల సూదుల్లాగా లేదు."

ఆ అమ్మాయి చెప్పుల మీది ఉప్పును కూడా అద్దం పెట్టి చూసిందా అని ముచ్చటేసింది. ఆ వెంటనే, ఇది సముద్రపు ఉప్పు కాకపోతే మేం కలిపేవాటిలోంచే వచ్చి ఉండాలి అని తట్టింది.

తెల్లటి మరక

మరుసటి రోజు పొద్దున్నే శుభ్రమైన గాజుపలక మీద మేం వాడే నీళ్ళు ఒక చుక్క వేశాను. అందులో ఇంకేమీ కలపలేదు. వేడి పలక మీద పెట్టాను. డిస్టిల్డ్ వాటర్ ఎండితే ఏమీ మిగలకూడదు. చుక్క ఎండింది. గాజు మీద తెల్లటి వలయం మిగిలింది. మా ఊళ్ళో బోరు నీళ్ళు కాచిన గిన్నె అడుగున పేరుకునే తెలుపే అది. ఇంట్లో రోజూ చింతపండు పెట్టి తోముతాను, నాకు తెలియదా?

బోరు నీళ్ళలో ఉండే సున్నం, మెగ్నీషియం క్రోమాటిన్‌ను ముద్ద కట్టిస్తాయి. ఇది పుస్తకంలో ఉన్నదే. మేం విప్పుతున్నామనుకుంటూ బిగించామేమో. సదస్సు, సారాంశం, ఆ అమ్మాయి రెండేళ్ళ చాకిరీ, అన్నీ ఆ గాజు మీదే ఉన్నాయనిపించింది.

ఓబులేసును పిలిచాను. ఆయన నాకన్నా పదేళ్ళు పెద్ద. గుమ్మఘట్ట వైపు మనిషి, మాటల్లో కన్నడం కలుస్తుంది. పని ఎగ్గొట్టింది నేనెప్పుడూ చూడలేదు.

"ఓబులేసన్నా, ఈ డబ్బాలో నీళ్ళు బట్టీలోవేనా?" డిస్టిలేషన్ యూనిట్‌ను మేం బట్టీ అనేవాళ్ళం.

"బట్టీలోవే మేడం."

"అన్నీనా?"

ఆయన డబ్బా వైపు చూశాడు. "ముప్పాతిక," అన్నాడు.

"మిగతావి?"

"బోరు నీళ్ళు. ఊరికే పొయ్యలేదు మేడం. బాగా కాంచి, తెల్ల గుడ్డ మూడు మడతలేసి వడగట్టి పోసినా. మనం తాగేవాటికంటే శుభ్రంగా ఉండాయి."

"ఎందుకన్నా ఇలా చేశావు?"

"ఏం చెప్పేది మేడం. ఆ బట్టీ ఒక బిందె నీళ్ళు ఇయ్యల్లంటే, చల్లబరిచేదానికి పది బిందెలు మోరీలోకి పోతాయి. గోడకవతల కాలనీ ఆడోళ్ళు బిందెలు పెట్టుకోని వరసలో నిలబడ్తాండారు. మన బోరుకు రెండు గంటలే కరెంటు. వాళ్ళు చూస్తాండంగా మోరీలోకి నీళ్ళు వదిలేదానికి నాకు మనసు రాలా. పొద్దున ఒక గంట బట్టీ ఆపి, కొళాయికి పైపు కట్టి వాళ్ళకిచ్చినా. మీకు తక్కువ పడేవి ఇట్ల నింపినా." డబ్బా మూత తీసి లోపలికి చూస్తూ అడిగాడు. "ఏం చెడిపోయింది మేడం?"

శుభ్రమైన నీళ్ళు అంటే ఆయనకు మురికి లేనివి. మాకు కావలసింది అసలేమీ లేనివి. పదేళ్ళుగా ఆ డబ్బా నింపుతున్న మనిషికి ఆ తేడా నేను ఒక్కరోజూ చెప్పలేదు. ఆ నీళ్ళు ఎందుకు వాడతామో కూడా చెప్పలేదు.

ఫ్రీజర్‌లో మిగిలిన గొట్టం

అంజినమ్మ తెచ్చిన వీర్యంలోంచి విడదీసిన కేంద్రకాల్లో ఒక్క గొట్టం మిగిలింది. గ్లిసరిన్‌లో కలిపి ఫ్రీజర్‌లో దాచాం. అది పాడైతే మళ్ళీ చేపల కాలం దాకా ఆగాలి. చేతులు అలవాటు కావడానికని ముందుగా కోడి రక్తం మీద చేద్దామనుకున్నాం. కోడి రక్తకణాల్లో కేంద్రకాలుంటాయి, ఎవరు చేసినా పూసలు కనిపిస్తాయి. అంజినమ్మ కోళ్ళ అంగడికి పోయి సీసాలో తెచ్చింది. నేను మందుల షాపుకు పోయి ఇంజెక్షన్‌లో కలిపే నీళ్ళ గొట్టాలు నలభై అడిగాను. "ఎవరికి మేడం బాగలేదు?" అని షాపతను కంగారుపడ్డాడు.

ముందు ఆ నీళ్ళ చుక్కను గాజు మీద ఎండబెట్టాం. ఏమీ మిగల్లేదు.

కోడి క్రోమాటిన్ మూడో ప్రయత్నానికి చక్కగా పరుచుకుంది. దారం, పూసలు. అదే రోజు అదే కోడి రక్తాన్ని డబ్బా నీళ్ళతో చేశాం. గుండ్లు, ద్రాక్షగుత్తులు. కోడిలోనూ నక్షత్ర చేప కనిపించిందన్నమాట.

ఇక ఆఖరి గొట్టం తీశాం. అంజినమ్మ మంచు మీద కరిగించింది. గ్రిడ్లు ఆరు చేశాను. మొదటి రెండింటి మీద ఏమీ లేదు. మూడోదాని పొర చిరిగిపోయింది. నాలుగోది పెట్టి, గది చీకటి చేసి, నెమ్మదిగా జరుపుతూ పోయాను. ఒక మూల పగిలిన కేంద్రకం కనిపించింది. దాని చుట్టూ, అన్ని వైపులకూ, సన్నటి దారాలు. దారాల మీద పూసలు.

"చూడు," అన్నాను.

ఆమె మైక్రోస్కోప్ కటకాలకు కళ్ళు ఆనించింది. "ఎంత పొడుగుండాదో మేడం," అంది. "అంత తలకాయలో ఇదంతా యాడ పట్టింది?"

రెండేళ్ళ పని తప్పని తేలిన నిమిషం అది. ఆ అమ్మాయి ఆ సంగతి మర్చిపోయి దారం కొస ఎక్కడుందో వెతుకుతోంది. నేనూ వెతికాను. కొస దొరకలేదు.

మెమో

ప్రొఫెసర్ గారికి చెప్పడానికి మేమిద్దరం కలిసి వెళ్ళాం. రెండు వరసల ప్రింట్లు బల్ల మీద పరిచాను. ఆయన ముఖంలో రంగు మారింది.

"నీళ్ళు కలిపింది ఎవరు?"

చెప్పాను. ఎందుకు కలిపాడో కూడా చెప్పాను.

"అతని మీద మెమో రాసి తీసుకురండి. ఇవాళే."

"రాయాలంటే ముందు నా పేరు రాయాలి సార్. నమూనాలో కలిసే ప్రతిదానికీ నాదే పూచీ. ఒక చుక్క ఎండబెట్టి చూడ్డానికి అయిదు నిమిషాలు పడుతుంది. రెండేళ్ళలో నేను ఆ పని చేయలేదు. ఆయనకెవరూ ఏమీ చెప్పలేదు."

"మరి సదస్సులో నేనేం చెప్పాలి?" గొంతు పెద్దదైంది. "ఇన్నాళ్ళూ మేం చూసింది అనంతపురం బోరు నీళ్ళను అని చెప్పనా?"

అంజినమ్మ కళ్ళు దించుకునే అంది. "అట్లే చెప్పల్ల సార్."

ఆయన మమ్మల్ని బయటికి పొమ్మన్నారు. తొమ్మిది రోజులు మా గది వైపు రాలేదు. నేను రోజూ మెమో నా మీదకే వస్తుందని ఎదురుచూశాను. నిజం చెప్పాలంటే భయపడ్డాను. నోరు మూసుకుని ఉంటే ఎవరికీ తెలిసేది కాదు కదా అని కూడా ఒకటి రెండు సార్లు అనిపించింది. ఇది రాయకుండా వదిలేస్తే మీకు అబద్ధం చెప్పినట్టవుతుంది.

పదో రోజు ఆయనే వచ్చి స్టూలు లాక్కుని కూర్చున్నారు. "రెండూ చూపించండి. ప్రింట్లు వద్దు, గ్రిడ్లు పెట్టండి," అన్నారు. గంటసేపు చూశారు. లేచేటప్పుడు, "నేను చూడాలనుకున్నదే కనిపించేసరికి ఇంకేమీ అడగలేదమ్మా," అన్నారు. సారాంశం వెనక్కి తీసుకుంటున్నట్టు ఉత్తరం రాశారట. మెమో మాట మళ్ళీ ఎత్తలేదు. ఆయన మీద నాకు గౌరవం పెరిగింది ఆ రోజునే. అంతకుముందు జీతమిచ్చే చోటి పెద్దమనిషి, అంతే.

ఓబులేసు అడిగింది

ఈ లోగా ఓబులేసు బట్టీ దగ్గరికి పోవడం మానేశాడు. "నా చెయ్యి పడితే ఏం చెడిపోతాదో మేడం, వేరేవాళ్ళకు చెప్పుకోండి," అన్నాడు. నేను ఆయన్ని లోపలికి తీసుకెళ్ళి మైక్రోస్కోప్ ముందు కూర్చోబెట్టాను. పదేళ్ళుగా ఆ గది ఊడుస్తున్నాడు, ఒక్కసారీ అందులోకి చూడలేదు. చూడమని మేమెవరమూ అనలేదు.

ముందు మంచి నీళ్ళతో చేసింది పెట్టాను. తర్వాత ఆయన నీళ్ళతో చేసింది. ఏది ఏదో, ఎందుకు అలా అయిందో చెప్పాను. తల ఎత్తకుండా అడిగాడు.

"ఇది సముద్రంలో బతికేదే గదా మేడం?"

"అవును."

"సముద్రం నీళ్ళు మన బోరు కన్నా ఉప్పు గదా. ఆ ఉప్పులో బతికే దానికి మన నీళ్ళు ఎందుకు పడలేదు? ఆడ ఇది ఎట్లుంటాది, ముద్దగానా, విప్పుకోనా?"

కణానికి చర్మం ఉంటుంది, బయటి ఉప్పు లోపలికి నేరుగా రాదు అని చెప్పబోయి ఆగిపోయాను. మరి లోపల ఎంత ఉంది? ఎంత ఉంటే గుండ్లు కడతాయి, ఎంత తగ్గితే విడిపోతాయి? నాకు తెలియదు. ప్రొఫెసర్ గారికి చెబితే ఆయన కాగితం తీసుకుని రాసుకున్నారు.

తర్వాతి చేపల కాలంలో అంజినమ్మ మళ్ళీ తీరానికి పోయి వచ్చింది. ఈసారి శుద్ధమైన నీళ్ళలో మెగ్నీషియం మేమే కొలిచి, మెట్టు మెట్టుగా పెంచుతూ కలిపాం. ఒక మెట్టులో పూసలు విడిగా ఉన్నాయి, తర్వాతి మెట్టులో దారం మడతలు పడింది, ఆపై మెట్టులో అవే గుండ్లు. తెలియక చేసినదాన్ని తెలిసి చేశాం. బట్టీ మళ్ళీ ఓబులేసే చూసుకున్నాడు. చల్లబరిచే నీళ్ళు మోరీలోకి పోకుండా గోడకవతలి తొట్టిలోకి పైపు వేయించడానికి ప్రొఫెసర్ గారే సంతకం పెట్టారు. గోరువెచ్చగా ఉండేవి తప్ప వాటికి ఏ దోషమూ లేదు. వానలు పడేదాకా కాలనీవాళ్ళు అక్కడే పట్టుకున్నారు. రోజూ పొద్దున ఒక చుక్క గాజు మీద ఎండబెట్టి, వలయం లేదని నాకు చూపించి గానీ ఓబులేసు డబ్బా మూత పెట్టేవాడు కాదు.

పరీక్షకుడి ముందు

అంజినమ్మ థీసిస్ ఏడాదిన్నర ఆలస్యమైంది. మౌఖిక పరీక్షకు బయటి నుంచి ఒక పెద్దాయన వచ్చారు. నేను వెనక బెంచీలో కూర్చున్నాను. ఆయన పుటలు తిప్పుతూ ఒకచోట ఆగారు. మొదటి ద్రాక్షగుత్తి ఫొటో అది. కింద అంజినమ్మ రాసింది: శుద్ధి కాని నీళ్ళ వల్ల ఏర్పడిన రూపం, మెగ్నీషియం ఎంతో కొలవలేదు.

"తప్పని తెలిశాక దీన్ని ఎందుకు పెట్టావమ్మా?"

"అది కూడా మేం చూసిందే సార్. ఇంకొకరికి ఇట్లే కనపడితే యాడ వెతకల్లో తెలుస్తాదని పెట్టినాను."

"సరే. విడిపోయిన దారాలు చూపించావు, గుండ్లు చూపించావు. బతికున్న శుక్రకణం తలలో ఈ రెండిట్లో ఏది ఉంది?"

ప్రొఫెసర్ గారు పెన్ను కింద పెట్టారు. అంజినమ్మ ఆయన వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు.

"తెలీదు సార్," అంది.

పెద్దాయన కళ్ళజోడు తీసి, కుర్చీ ముందుకు జరుపుకున్నారు. "నాకూ తెలియదు. రా, ఇలా కూర్చో. ఎలా తెలుసుకోవచ్చో చెప్పు," అన్నారు.